గుట్టు గిరాకీ

ఖరీదైన వంటింటి సామాను అమ్మే షోరూంలోకి అప్పుడప్పుడూ ఒక కస్టమర్ వస్తాడు. అన్నీ చూస్తాడు, అన్నీ అడుగుతాడు, ఏమీ కొనకుండా వెళ్లిపోతాడు. చూసిందంతా మార్కులుగా మారి కంపెనీకి చేరుతుంది. ఆ మార్కులతో చిమ్నీ కొనుక్కునే మనకు ఒరిగేదేమిటి?

చిమ్నీలు అమ్మేవాళ్లకు వచ్చిన విద్య ఒకటుంది. స్విచ్ నొక్కి, తెల్లకాగితం ఒకటి తీసి చిమ్నీ అడుగున పెడతారు. కాగితం టప్పున పైకి అతుక్కుంటుంది. చెయ్యి తీసేసినా కింద పడదు. "చూశారుగా మేడమ్, 1200 సక్షన్. మీరు ఎంత పోపు పెట్టినా హాల్లోకి ఘాటు రాదు" అంటాడు కుర్రాడు. కొనడానికి వచ్చిన దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సగం బేరం అక్కడే కుదిరిపోతుంది. వాళ్ల పక్కనే నిలబడి ఇదంతా గమనిస్తున్న మూడో మనిషి మిస్టరీ షాపర్ అనుకుందాం. తెలంగాణలో దుకాణానికొచ్చిన కస్టమర్‌ను గిరాకీ అంటారు కదా, ఇతను గుట్టుగా వచ్చిన గిరాకీ. బయటికెళ్లి కారులో కూర్చుని ఫోన్లో ఫారం తెరుస్తాడు. 'వస్తువు పనితీరు చేసి చూపించారా?' అన్న ప్రశ్నకు 'అవును' అని నొక్కుతాడు. షాపుకు మార్కులు పడతాయి. అందరూ తమ పని సక్రమంగానే చేశారు. కానీ ఆ చిమ్నీ దంపతుల ఇంట్లో పనిచేస్తుందా లేదా అన్నది మాత్రం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. వాళ్ల వంటింట్లో పొగగొట్టం ఎటు పోతుందో, ఎన్ని మలుపులు తిరుగుతుందో, గోడకు బిల్డర్ ఎంత రంధ్రం వదిలాడో తెలిస్తేగానీ దానికి జవాబు రాదు. ఫారంలో ఆ ప్రశ్నే లేకపోతే, అడగనందుకు ఒక్క మార్కూ తగ్గదు.

నిజం రాబట్టడానికి మిస్టరీ షాపింగ్‌ను మించిన సాధనాలు తక్కువ. సాధనంతో పేచీ లేదు. పేచీ అంతా ప్రశ్నపత్రంతోనే. ఎవరు ప్రశ్నలు రాస్తే జవాబులు వాళ్లకే పనికొస్తాయి. ఇన్నాళ్లూ ఆ కలం అమ్మేవాళ్ల చేతిలోనే ఉంది. కొనేవాడి ప్రశ్నలు ఆ పత్రంలోకి ఎక్కనంతవరకు ఖరీదైన షోరూంలలో మర్యాద పెరుగుతుంది, సలహా మాత్రం పెరగదు.

కండక్టర్ జేబు నుంచి సేల్స్‌మన్ చిరునవ్వు దాకా

ఈ పద్ధతి పుట్టుకలోనే యజమాని కన్ను ఉంది. 1850లలో అమెరికాలోని షికాగోలో అలన్ పింకర్టన్ అనే డిటెక్టివ్ రైలు కంపెనీలకు ఒక కొత్త సేవ అమ్మాడు. అతని మనుషులు మామూలు ప్రయాణికుల్లా రైలెక్కి, కండక్టరు వసూలు చేసిన చార్జీల్లో ఎంత కంపెనీకి చేరుతోందో, ఎంత జేబులోకి పోతోందో కనిపెట్టేవారు. మన ఆర్టీసీ చెకింగ్ వాళ్లు బస్సాపి, మేం ఫలానా అని చెప్పుకొని ఎక్కుతారు. పింకర్టన్ మనుషులు చెప్పుకోకుండా ఎక్కేవారు, తేడా అంతే. ఆ తర్వాత బ్యాంకులు, దుకాణాలు అదే దారి పట్టాయి. 'మిస్టరీ షాపింగ్' అన్న పేరు 1940లలో విల్‌మార్క్ అనే అమెరికన్ సంస్థ వల్ల వాడుకలోకి వచ్చిందని చెబుతారు. 1998 నాటికి ఈ పని చేసిపెట్టే ఏజెన్సీలు తమకంటూ ఒక సంఘం పెట్టుకునేంత పెద్ద వ్యాపారమైంది. ఈ ప్రయాణంలో ప్రశ్న మారింది. 'డబ్బు కొట్టేశాడా?' అన్నది పోయి 'నవ్వుతూ పలకరించాడా?' అన్నది వచ్చింది. ప్రశ్న అడిగించే మనిషి మాత్రం మారలేదు. అప్పుడూ ఇప్పుడూ డబ్బు కట్టేది యజమానే, రిపోర్టు చదివేదీ యజమానే.

ఇప్పుడు పని నడిచే తీరు ఇది. బ్రాండ్ ఒక ఏజెన్సీకి కాంట్రాక్టు ఇస్తుంది. ఏజెన్సీ తన జాబితాలోని మామూలు మనుషులకు పని పంచుతుంది. ఒక్కొక్కరికీ ఒక వేషం ఇస్తారు: కొత్తగా మూడు బెడ్‌రూముల ఫ్లాట్ కొన్నారు, నెలలో గృహప్రవేశం, వంటింటి సామాను మొత్తం ఒకే చోట కొనాలి, బడ్జెట్ ఇంత. షాపులో అడుగుపెట్టిన ఎంతసేపటికి పలకరించారు, కూర్చోబెట్టారా, అవసరం అడిగారా, ఎన్ని మోడళ్లు చూపించారు, ఎక్స్‌టెండెడ్ వారంటీ గురించి చెప్పారా, ఫోన్ నంబర్ తీసుకున్నారా, యూనిఫాం శుభ్రంగా ఉందా అన్నవి గుర్తుపెట్టుకొని వచ్చి రాయాలి. పనికి ఇంతని ఫీజు ఉంటుంది. ఈ పేరుతో మోసాలూ బయల్దేరాయి. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నా, ముందు మీ డబ్బుతో కొనండి రెట్టింపు ఇస్తామన్నా అది మిస్టరీ షాపింగ్ కాదు, దోపిడీ. అలాంటివాటి మీద ఫిర్యాదుకు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 ఉంది. అసలు ఏజెన్సీల ఫారాన్నే తీసుకున్నా, అందులోని ప్రశ్నల స్వభావం ఇట్టే తెలిసిపోతుంది. కొన్ని మర్యాదకు, మిగతావి అమ్మకానికి. వారంటీ అంటగట్టే ప్రయత్నం చేయకపోతే మార్కులు తగ్గే ఫారంలో, 'ఈ వస్తువు మీకు అక్కర్లేదండీ' అని చెప్పిన నిజాయతీకి గడి ఉండదు.

గోడకు కట్టేసిన సామాను

మర్యాదనే కొలిస్తే నష్టమేమిటి, ఏ షాపులోనైనా అంతేగా అనిపించవచ్చు. హోటల్లో అంతే, చీరల షాపులోనూ అంతే. ఇడ్లీ బాగుందో లేదో తినగానే తెలుస్తుంది, చీర రంగు కళ్లెదుటే ఉంటుంది. మిక్సీ నచ్చకపోతే డబ్బాలో పెట్టి వెనక్కి తీసుకెళ్లవచ్చు. బిల్ట్-ఇన్ సామాను సంగతి వేరు. హాబ్ (గట్టులోకి దించి బిగించే పొయ్యి) కొలతకు గ్రానైట్ గట్టు కోస్తారు. చిమ్నీకి గోడ తొలుస్తారు. ఓవెన్ కోసం కప్‌బోర్డులో 60 సెంటీమీటర్ల అర కట్టిస్తారు. కోసిన గ్రానైట్ మళ్లీ అతుక్కోదు. తప్పు మోడల్ కొన్నామని తెలిసేది ఇల్లు చేరి, మేస్త్రీ వెళ్లిపోయి, మొదటిసారి చేపల పులుసు పెట్టినప్పుడు. అప్పుడు షాపువాడు కార్పెంటర్ మీదికి, కార్పెంటర్ ఎలక్ట్రీషియన్ మీదికి, ఎలక్ట్రీషియన్ కంపెనీ సర్వీసు మీదికి తోస్తారు. బంజారాహిల్స్‌లోనో, మాదాపూర్‌లోనో, విజయవాడ బందరు రోడ్డులోనో మెరిసే షోరూంలో మనం చెల్లించే ధరలో యంత్రం ఎంతో, ఆ యంత్రం మన ఇంటికి నప్పుతుందా లేదా అన్న సలహా కూడా అంతే. ఆ సలహా కళ్లకు కనిపించదు, కాబట్టి ఫారానికీ ఎక్కదు.

ఆ సలహా చెప్పేది ఎవరన్నది ఇంకో చిక్కు. పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుల్లో కౌంటరు దగ్గర నిలబడే కుర్రాళ్లలో చాలామంది ఆ షాపు జీతగాళ్లు కారు. బ్రాండ్లు పెట్టిన ప్రమోటర్లు. జీతం బ్రాండ్ ఇస్తుంది, టార్గెట్ బ్రాండ్ పెడుతుంది, పీసుకు ఇంతని ఇన్సెంటివ్ కూడా ఉంటుంది. 'అన్ని కంపెనీలవీ చూసి ఏది మంచిదో చెప్పు తమ్ముడూ' అని మనం అడిగేది ఒక్క కంపెనీ మనిషిని. ఇందులో అతను చేసిన నేరం లేదు. అతనెవరో మనకు తెలియకపోవడమే లోపం. బ్రాండ్ల చుట్టరికాలూ అంతే. బాష్, సీమెన్స్ పేర్లతో వచ్చే గృహోపకరణాలు రెండూ బీఎస్‌హెచ్ అనే ఒకే సంస్థవి. అందులో సీమెన్స్ వాటాను 2015లో బాష్ కొనేసింది. ఫేబర్ చిమ్నీల వెనక స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రాంకే గ్రూపు ఉంది. ఎలికా భారత వ్యాపారంలో మెజారిటీ వాటా 2021లో వర్ల్‌పూల్ ఆఫ్ ఇండియా చేతికి వచ్చింది. పెద్ద వ్యాపారాల్లో ఇది మామూలే, చట్టబద్ధమే. కానీ పక్కపక్క కౌంటర్లలో రెండు బ్రాండ్లను పోల్చుకుంటూ పోటీ ధర వచ్చిందని సంబరపడేవాడికి ఈ సంగతి తెలిస్తే బేరం చేసే తీరు మారుతుంది. చెప్పారా లేదా అని అడిగే ఫారం ఎక్కడుంది?

1200 లెక్క

ఇంతకీ ఆ 1200 అంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. చిమ్నీ గంటకు 1200 ఘనపు మీటర్ల గాలిని లాగుతుందని దాని అర్థం. మన ఫ్లాట్లలో వంటిల్లు ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు అనుకుంటే అందులో పట్టే గాలి 23 ఘనపు మీటర్లకు లోపే. గంటకు 1200 లాగే యంత్రం వంటింట్లోని గాలినంతా దాదాపు నిమిషానికోసారి మార్చేయాలి. మిరపకాయ పోపులో పడిన నిమిషానికే ఘాటు మాయం కావాలి. మరి ఇన్ని ఇళ్లల్లో పోపు పెట్టగానే హాల్లో కూర్చున్నవాళ్లు ఎందుకు తుమ్ముతున్నారు?

ఎందుకంటే ఆ అంకె ఎదురు ఒత్తిడి లేని మోటారుది, ఇంట్లో బిగించిన చిమ్నీది కాదు. గొట్టం తగిలించగానే లెక్క మారిపోతుంది. గంటకు 1200 ఘనపు మీటర్ల గాలి ఆరంగుళాల గొట్టంలోంచి పోవాలంటే గంటకు 65 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తాలి. బిల్డర్ నాలుగంగుళాల రంధ్రమే వదిలాడని గొట్టాన్ని అక్కడ కుదిస్తే దారి వైశాల్యం సగానికన్నా తగ్గిపోతుంది. అంతే గాలి ఆ దారిన పోవాలంటే వేగం గంటకు 150 కిలోమీటర్ల దరిదాపులకు చేరాలి. వాతావరణ శాఖ భాషలో అది అతి తీవ్ర తుపాను గాలి. వంటింటి మోటారుకు అంత సత్తా ఉండదు కాబట్టి గాలి వేగం పెరగదు, లాగే పరిమాణమే పడిపోతుంది. దానికి తోడు గొట్టం తిరిగే ప్రతి మలుపూ కొంత మింగుతుంది. ఏసీ చల్లదనం పోతుందని తలుపులు, కిటికీలు బిగిస్తే బయటి నుంచి గాలి రాక చిమ్నీ లాగడానికే ఏమీ మిగలదు. పొయ్యికీ చిమ్నీకీ మధ్య ఎత్తు కంపెనీ చెప్పినదానికన్నా పెరిగితే పొగ పక్కలకు జారిపోతుంది. గొట్టమే లేని మోడల్ అయితే బొగ్గు ఫిల్టర్ వాసనను కొంత పట్టుకొని, వేడినీ ఆవిరినీ మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. షోరూంలో అతుక్కున్న కాగితం వీటిలో ఏ ఒక్కదానికీ జవాబు చెప్పదు. మోటారు తిరుగుతోందని మాత్రం చెబుతుంది. అమ్మేవాడు అడగాల్సినవి నాలుగైదు ప్రశ్నలు. రెండు నిమిషాల పని. వాటిని అడిగితే ఒక్కోసారి 1200 కాదు, అంతకన్నా చవకైన మోడల్ సరిపోతుందని తేలుతుంది. ఒక్కోసారి ముందు గోడ తొలిపించుకొని రమ్మని పంపాల్సి వస్తుంది. రెండు సందర్భాల్లోనూ ఆ రోజు టార్గెట్‌కు దెబ్బే.

చిమ్నీ ఒక్కటే కాదు. నాలుగు పొయ్యిల ఇండక్షన్ హాబ్ 7.2 కిలోవాట్లదైతే 31 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మన గోడ మీది పెద్ద ప్లగ్ పాయింట్ మోసేది 16 ఆంపియర్లు. ప్రత్యేకంగా వైరు లాగి, ఎంసీబీ పెట్టి, ఫ్లాటుకు మంజూరైన లోడు చాలుతుందో లేదో చూసుకోవాలి. ఇంట్లో ఉన్న అల్యూమినియం కడాయిలు, రాగి, ఇత్తడి గిన్నెలు దానిమీద మామూలుగా వేడెక్కవని కూడా చెప్పాలి. డిష్‌వాషర్‌కు నీళ్లే ప్రాణం. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిదనీ, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఫర్వాలేదనీ భారత ప్రమాణం చెబుతుంది. అంతకు మించిన బోరు నీళ్లూ మనకు కొత్త కాదు. కృష్ణా, మంజీరా నీళ్లొచ్చే ఇంట్లో తళతళలాడే గ్లాసులు ట్యాంకర్ నీళ్ల మీద బతికే అపార్ట్‌మెంట్‌లో తెల్లపొర కట్టవచ్చు. యంత్రంలో ఉప్పు ఎంత వెయ్యాలో, సెట్టింగ్ ఎక్కడ పెట్టాలో నీళ్లను బట్టే ఉంటుంది. 'మీకు ఏ నీళ్లండీ?' అన్నదే డిష్‌వాషర్ అమ్మేవాడి మొదటి ప్రశ్న కావాలి.

మారువేషం తేల్చిన నిజాలు

కొనేవాడి తరఫున ప్రశ్న రాస్తే గుట్టు గిరాకీ ఎంత నిజం బయటికి తీయగలడో తెలియాలంటే వంటింటి షోరూం దాటి చూడాలి. అమెరికాలో ఇయాన్ ఎయిర్స్ అనే న్యాయశాస్త్ర పరిశోధకుడు షికాగో చుట్టుపక్కల కార్ల షోరూంలకు కొందరిని కొనుగోలుదారులుగా పంపాడు. అందరికీ ఒకే తర్ఫీదు, ఒకే రకం బట్టలు, బేరమాడడానికి ఒకే మాటలు. తేడా అల్లా వాళ్ల రంగు, ఆడా మగా అన్నదే. 1991లో తొలి ఫలితాలు, పీటర్ సీగల్‌మన్‌తో కలిసి 300కు పైగా సందర్శనలతో చేసిన పెద్ద అధ్యయనం 1995లో వచ్చాయి. అదే కారుకు తెల్లజాతి మగవాళ్లకు చెప్పిన ధర కన్నా ఆడవాళ్లకూ నల్లజాతివాళ్లకూ ఎక్కువ చెప్పారని తేలింది. ఆ షోరూంలలో మర్యాదను మాత్రమే కొలిచి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు. నవ్వుతూనే ఎక్కువ ధర చెప్పవచ్చు.

మన దేశంలో దీనికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. సంతోష్ అనగోల్, షాన్ కోల్, శాయక్ సర్కార్ అనే ముగ్గురు పరిశోధకులు జీవిత బీమా ఏజెంట్ల దగ్గరికి మారువేషపు కస్టమర్లను పంపారు. 2017లో అచ్చయిన ఆ అధ్యయనంలో, కస్టమర్‌కు నప్పని, ఏజెంటుకు ఎక్కువ కమీషన్ వచ్చే పాలసీలనే ఏజెంట్లు అత్యధికంగా సిఫారసు చేశారని తేలింది. కస్టమర్ మనసులో తప్పుడు అభిప్రాయముంటే దాన్ని సరిదిద్దకుండా దానికే తాళం వేశారు. మరో సంగతి ఇంకా ముఖ్యం. ఒక రకం పాలసీకి కమీషన్ ఎంతో బయటికి చెప్పాలన్న నిబంధన రాగానే ఏజెంట్లు ఆ నిబంధన వర్తించని, కమీషన్ బాగా వచ్చే వేరే పాలసీ వైపు మళ్లారు. ఒక కన్నం మూస్తే నీళ్లు ఇంకో కన్నం వెతుక్కున్నాయి. వంటింటి షోరూంకు ఇందులో పాఠముంది. కస్టమర్ 'సక్షన్ ఎంత ఎక్కువైతే అంత మంచిది కదా' అంటే కాదనేవాడికి లాభం లేదు, అవుననేవాడికి ఇన్సెంటివ్ ఉంది. వైద్యంలోనూ ఇలాంటి పరీక్ష జరిగింది. జిష్ణు దాస్, ఆయన సహచరులు ఢిల్లీలోనూ మధ్యప్రదేశ్ పల్లెల్లోనూ స్థానికులకు రోగులుగా తర్ఫీదిచ్చి వైద్యుల దగ్గరికి పంపారు. జబ్బు తేల్చడానికి అడగాల్సిన ప్రశ్నల్లో చాలావాటిని వైద్యం చేసేవాళ్లు అడగనే లేదని 2012లో ఆ బృందం రాసింది. అడిగిన ప్రశ్నల మీదే సలహా నాణ్యత ఆధారపడుతుంది. మందుకైనా చిమ్నీకైనా ఇదే సూత్రం.

ఇది మోసం కాదా?

కొనే ఉద్దేశం లేకుండా కొంటానని నమ్మించడం అబద్ధమే. దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. లంచం కేసుల్లో ఏసీబీ వేసే ట్రాప్, గర్భస్థ లింగ నిర్ధారణ చేసే స్కానింగ్ సెంటర్లకు పంపే డెకాయ్ ఎలాంటివో ఇదీ అలాంటిదేనని సమర్థిస్తే కుదరదు. అక్కడ నేరం ఉంది, ఇక్కడ బతకడానికి వచ్చిన ఉద్యోగి ఉన్నాడు. అందుకే ఈ పనికి హద్దులు ఉండాలి. అలాంటి సందర్శనలు జరుగుతాయని సిబ్బందికి ముందే చెప్పాలని, ముందస్తుగా తెలపకుండా ఆ రిపోర్టుతో ఏ ఉద్యోగినీ శిక్షించకూడదని పరిశోధన రంగపు నియమావళులు చెబుతున్నాయి. ఇంకో అన్యాయం కూడా ఉంది. ఇన్సెంటివ్ మీద బతికే ప్రమోటర్ దగ్గర ఆదివారం సాయంత్రం గంటసేపు డెమో చూసి వెళ్లిపోతే, ఆ గంటలో అతను పోగొట్టుకున్న నిజమైన గిరాకీ ఖరీదు ఎవరిస్తారు? రద్దీ లేని వేళ వెళ్లడం, పని క్లుప్తంగా ముగించడం, వీలైతే నిజంగానే కొనడం దీనికి విరుగుళ్లు. ఆ మాత్రం అబద్ధం అవసరమే. ఎందుకంటే 'నేను పరీక్షించడానికి వచ్చాను' అని చెప్పుకొని వెళ్లినవాడికి దొరికేది ఎప్పుడూ మంచి సలహాయే.

మార్కులు తగ్గితే కుర్రాడి ఉద్యోగానికే ఎసరు వస్తుందన్న భయం కూడా న్యాయమైనదే. ఇప్పుడున్న ఫారంలో ఆ ప్రమాదం ఎక్కువ. నవ్వలేదన్నది మనిషి తప్పుగానే లెక్కకొస్తుంది. గొట్టం కొలత అడగలేదన్నది మాత్రం చాలాసార్లు అతనికి ఎవరూ నేర్పలేదని అర్థం. కొనేవాడి ప్రశ్నలతో పరీక్షిస్తే బయటపడే లోపం శిక్షణదీ, ఇన్సెంటివ్ పద్ధతిదీ. మార్కులు మనిషికి కాకుండా షాపుకూ బ్రాండ్‌కూ వేస్తే నెలకు కొన్ని వేల జీతగాడు బలికాడు. ఒక్కసారి వెళ్లొచ్చి తీర్పు చెబుతారా అన్నది ఇంకో అభ్యంతరం. ఒక్కసారి వెళ్తే తెలిసేది ఆ రోజు ఆ మనిషి మూడ్ మాత్రమే, నిజమే. అందుకే షికాగోలో వందలసార్లు వెళ్లారు. ఒకే కథతో, ఒకే ప్రశ్నలతో ముప్పై షాపులు తిరిగినప్పుడు ఇరవై అయిదు చోట్ల ఒకటే తప్పు కనబడితే అది మూడ్ కాదు, వ్యాపార పద్ధతి.

ఆన్‌లైన్ రివ్యూలు ఉండగా ఈ తతంగమంతా ఎందుకని కూడా అడగవచ్చు. రివ్యూల్లో దొంగవి ఎంత పెరిగాయో చెప్పడానికి, 2022లో భారత ప్రమాణాల సంస్థ వాటికోసం ఐఎస్ 19000 అనే ప్రమాణమే తేవాల్సి వచ్చిందన్న సంగతి చాలు. అసలైన రివ్యూలైనా వస్తువు గురించే చెబుతాయి, మన వంటింటి గోడ గురించి చెప్పవు. ఇక మిగిలింది అందరికన్నా ఘాటైన ప్రశ్న: లక్షలు పోసి వంటిల్లు కట్టించుకునేవాళ్ల బాధలు ఎవరికి కావాలి? ఆ లక్షలు చాలామందికి ఇంటిలోనుతో పాటు కట్టే ఈఎంఐలు. చిమ్నీ, డిష్‌వాషర్ ఇవాళ జూబ్లీహిల్స్‌కే పరిమితం కాలేదు. గుంటూరు, కరీంనగర్ అపార్ట్‌మెంట్లకూ చేరాయి. పెద్ద షోరూంలో నేర్చిన అమ్మకం మాటలే అక్కడ చిన్న షాపుల్లోనూ వినిపిస్తాయి. అన్నింటికీ మించి, కార్డు గీకినవాళ్లే ఎప్పుడూ ఆ పొయ్యి ముందు నిలబడరు. లాగని చిమ్నీ కింద రోజుకు రెండు పూటలా ఘాటు పీల్చేది ఆ ఇంటి ఆడవాళ్లో, వంటమనిషో.

ప్రశ్నపత్రం ఎవరి చేతికి?

ఇది కొత్త కోరిక కాదు. అమెరికాలో 1936లో మొదలైన కన్సూమర్ రిపోర్ట్స్ సంస్థ తాను పరీక్షించే వస్తువులను మామూలు కస్టమర్ల రూపంలో గుట్టుగా షాపుల్లోనే కొంటుంది. కంపెనీ ఏరి పంపిన మంచి పీసు తన ల్యాబ్‌లోకి రాకూడదని. జర్మనీలో 1964లో ఏర్పడ్డ స్టిఫ్టుంగ్ వారెన్‌టెస్ట్ కూడా పేరు చెప్పకుండానే కొంటుంది. బ్రిటన్‌లో 1957 నుంచి నడుస్తున్న 'విచ్?' సంస్థ వస్తువులతో పాటు అమ్మేవాళ్ల సలహానూ మారువేషంలో పరీక్షిస్తుంది. మన దేశంలో అహ్మదాబాద్‌లో 1978లో పుట్టిన సీఈఆర్‌సీ అనే సంస్థ వినియోగదారుల తరఫున వస్తువులను పరీక్షించే దారి వేసింది. వస్తువు నాణ్యత, ధర గురించిన సమాచారం పొందడం కొనేవాడి హక్కని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. అన్యాయం జరిగాక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. గోడ తొలిచాక, గ్రానైట్ కోశాక వచ్చే న్యాయం కన్నా ముందే దొరికే సరైన సలహా చవక. మన రెండు రాష్ట్రాల కాలేజీల్లో వినియోగదారుల క్లబ్బులున్నాయి. హైదరాబాద్ సైఫాబాద్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద గృహవిజ్ఞానం బోధించే కళాశాల ఉంది. ఇంటి నిర్వహణ, వంటింటి అమరిక చదివే విద్యార్థులు ఏడాదికోసారి ఒకే ప్రశ్నపత్రంతో నగరంలోని షోరూంలు తిరిగి, మనుషుల పేర్లు లేకుండా షాపుల ఫలితాలు ప్రకటిస్తే అంతకు మించిన ప్రాక్టికల్ పరీక్ష ఏముంటుంది?

అప్పటిదాకా ఆ పని ఎవరి మట్టుకు వాళ్లు చేసుకోవచ్చు. మూడు షాపులకు వెళ్లి ఒకే ప్రశ్నలు ఒకే వరుసలో అడగడమే గుట్టు గిరాకీ పద్ధతిలోని అసలు కిటుకు. మీరు షాపు మనిషా, బ్రాండ్ మనిషా అన్నది మొదటిది. ఇన్‌స్టలేషన్, గొట్టం, గ్రానైట్ కటింగ్ అన్నీ కలిపి చేతికి వచ్చే బిల్లు ఎంత, వారంటీ మోటారుకా మొత్తానికా, మా ఊళ్లో సర్వీసు చేసేది ఎవరు అన్నవి తర్వాత. చివరిది, అన్నిటికన్నా విలువైనది: మా వంటింటికి ఇది నప్పకపోవడానికి కారణాలేమైనా ఉన్నాయా? ఆ ప్రశ్నకు తడుముకోకుండా 'ఏమీ లేవండీ' అన్నవాడి దగ్గర కాసేపు ఆలోచించుకోవాలి. ఆగి, ఇంటి కొలతలు అడిగినవాడి దగ్గర నిలబడవచ్చు.

బ్రాండ్లకూ ఇందులో నష్టం లేదు. తప్పుగా బిగించిన ప్రతి చిమ్నీ వెనక ఒక సర్వీసు ఫిర్యాదు, ఒక మెకానిక్ రానుపోను ఖర్చు, చుట్టాలందరికీ 'ఆ కంపెనీది మాత్రం కొనకండి' అని చెప్పే ఒక కుటుంబం ఉంటాయి. మిస్టరీ షాపింగ్‌కు డబ్బు పెట్టే కంపెనీ తన ఫారంలో నాలుగు గళ్లు మార్చుకుంటే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. సేల్స్‌మన్ దేనికి మార్కులు వస్తాయో అదే చేస్తాడు. కాగితం అతికించి చూపిస్తే మార్కులు వేసినంతకాలం కాగితమే అతికిస్తాడు. ఏదో ఒక రోజు ఆ ఫారంలో గొట్టం గురించి ఒక గడి చేరితే, అదే కుర్రాడు చిమ్నీ స్విచ్ మీద చెయ్యి వేయకముందే అడుగుతాడు: "మేడమ్, మీ వంటింట్లో పైపు ఎటు నుంచి బయటికి పోతుందండీ?"